వెట్టి తొలగిన నాడే రాచరికము తొలగినది

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన జూబిలీ హిల్స్, ఫిలింనగర్ ప్రాంతములలో సింహాసనములకు కొదువ లేదు. జానపద చిత్రములో దుష్టమంత్రి కూలును, రాకుమారుడు పట్టాభిషిక్తుడగును, ప్రజలు జయజయధ్వానములు సలుపుదురు. రాజు మారునే గాని రాచరికము మారదు. అయితే ఆ కొండలు ఏ సంస్థానములో నుండెనో ఆ హైదరాబాదులో నిజముగానే ఒక సింహాసనము కూలినది. అది కూలిన తీరు ఏ చిత్రకథకంటెను జటిలమైనది.

అసఫ్ జాహీ వంశము 1724 నుండి 1948 వరకు 224 సంవత్సరములు పాలించెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కెను. పల్లెలోని రైతునకు నిజాము ఏనాడును కనబడలేదు. కనబడినది దేశముఖు గడీ. అనుభవములోనికి వచ్చినది వెట్టి చాకిరి. అందుచేత తిరుగుబాటు కోటగుమ్మము వద్ద గాక పొలము గట్టున పుట్టినది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశముఖు మనుషులకు దక్కనీయలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియయ్యెను. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. సుమారు 3,000 గ్రామములలో గ్రామరాజ్యము లేర్పడినవనియు, 10 లక్షల ఎకరములు పంచబడినవనియు ఉద్యమ నాయకుల లెక్క.

రష్యాలో 1917లో ముందు రాజధాని కదలినది, జారు గద్దె దిగెను. భూమిని గూర్చిన శాసనము ఆ పిమ్మట వచ్చినది. ఇచ్చట క్రమము తారుమారైనది. ముందు పల్లె మారినది. రాజధాని మాత్రము విప్లవకారుల చేతికి రానేలేదు. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. మేజర్ జనరల్ చౌదరి సైనిక గవర్నరయ్యెను. నిజాము పాలనను ముగించిన ఆ సైన్యమే పిదప గ్రామరాజ్యములపైకి నడచెను. పంచిన భూములలో పెక్కు మరల భూస్వాముల వశమయ్యెను. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడినది. నిజాము మాత్రము 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్ పదవిలో నుండెను!

అట్లయిన విప్లవము ఓడినదా? విద్యార్థులు తొందరపడి తీర్పు చెప్పరాదు. జాగీర్దారీ 1949లో రద్దయినది. కౌలుదారులకు 1950లో రక్షణ చట్టము వచ్చినది. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి నెహ్రూ పొందిన వానికంటె ఎక్కువ ఓట్లు వేసి లోకసభకు పంపిరి. అదే ఏడాది బూర్గుల రామకృష్ణారావు ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమునకు ముఖ్యమంత్రి యయ్యెను. ప్రభుత్వమును విప్లవము చేపట్టలేకపోయినను, ప్రభుత్వము చేయవలసిన పనులను అదియే నిర్ణయించినది. వంగిన వెన్నులు ఒకసారి నిటారుగా నిలిచిన పిమ్మట, పాత వెట్టిని మునుపటివలె నిలుపుట ఎవరి తరమును కాలేదు.

గౌతం ఘోష్ దర్శకత్వమున బి. నరసింగరావు ప్రభృతులు నిర్మించిన ‘మా భూమి’ 1980లో విడుదలయ్యెను. ఆ చిత్రమునకు కథానాయకుడు రాకుమారుడు కాడు, పల్లె యువకుడు. రాచరికమెట్లు పోవునో తెలియగోరు విద్యార్థి పట్టాభిషేక ఘట్టముతో తృప్తిపడరాదు. గడీ ముందు చేతులు కట్టుకొని నిలుచుట ఏనాడు మానిరో ఆ దినమును వెదకవలెను. చరిత్రలో తేదీ వేయవలసినది అక్కడనే.