ఆయిల్ ఎటు పోతోంది? విప్పే ముందు వెతకండి!

పాత లారీ ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే ఏది ముందు చూడాలి? డీజిల్ మెకానిక్, మోటార్ వెహికల్, డిప్లొమా మెకానికల్ అభ్యర్థులకు ఇంటర్వ్యూలోనూ, షెడ్డులోనూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో మీరు ట్రెయినీగా చేరారనుకోండి. పదిహేనేళ్లు తిరిగిన లారీ వచ్చి ఆగింది. ఓనరే డ్రైవరు. ‘తమ్ముడూ, వెయ్యి కిలోమీటర్లకు రెండు లీటర్ల ఆయిల్ పోయాల్సొస్తోంది. బోరుకొచ్చిందని అందరూ అంటున్నారు. ఇంజిన్ దించేద్దామా?’ అని అడిగాడు. మీరేం చెబుతారు?

‘దించేద్దాం’ అనడం తేలికే. కానీ ఇంజిన్ దిగితే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, లేబరు.. ఖర్చు పెద్దదే. బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది. కిరాయి ఆగినా ఫైనాన్సు వాయిదా ఆగదు. ఇంత చేశాక కూడా ఆయిల్ తగ్గుతూనే ఉంటే ఆ ఓనరు మొహం ఎలా చూస్తారు? అందుకే అనుభవమున్న మేస్త్రీలు ఖర్చులేని పరీక్షతో మొదలుపెట్టి, ఖర్చున్నదాన్ని చివరికి ఉంచుతారు. ఇంటర్వ్యూ చేసేవారు చూసేదీ ఈ వరసనే.

ముందు లెక్క తేల్చండి

‘రెండు లీటర్లు’ అన్నది నోటిమాట. దాన్ని కొలతగా మార్చాలి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి, పైనున్న ఆయిల్ కిందికి దిగేదాకా పది, పదిహేను నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తుడిచి చూసి, పై గుర్తుదాకా ఆయిల్ నింపి, కిలోమీటర్ల రీడింగ్ రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగొచ్చాక అదే పద్ధతిలో చూసి, మళ్లీ గుర్తుదాకా ఎంత పట్టిందో కొలవండి.

ప్రతి ఇంజినూ కొంత ఆయిల్ ఖర్చుచేస్తుంది. ఎంతవరకు మామూలో ఆ బండి మాన్యువల్‌లో చూడాలి. కొన్ని కంపెనీలు దీన్ని డీజిల్ ఖర్చులో శాతంగా ఇస్తాయి. లీటరుకు 4 కిలోమీటర్లిచ్చే లారీ వెయ్యి కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిల్ తాగుతుంది. అందులో 2 లీటర్ల ఆయిల్ అంటే 0.8 శాతం. ఈ లెక్క నోటితో వేయగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే.

ఇంకో మాట. పై గుర్తు దాటి పోసే అలవాటు ఉందేమో అడగండి. ఎక్కువైన ఆయిల్ క్రాంకుకు తగిలి చిమ్మి, కొంత కాలిపోతుంది. అప్పుడు జబ్బు ఇంజిన్‌లో లేదు, పోసే చేతిలో ఉంది.

బయటికి కారుతోందా?

ఇంజిన్ కడిగించి, కాసేపు నడిపి, టార్చి వేసి చూడండి. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ఫిల్టరు, టర్బోకు వెళ్లే పైపులు, డ్రెయిన్ ప్లగ్గు, క్రాంకు వెనక ఆయిల్ సీలు ముఖ్యమైన చోట్లు. కారిన ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి తడి కనిపించిన చోట ఆగకుండా, అన్నిటికంటే పైన తడి ఎక్కడుందో వెతకండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. నీళ్లమీద ఆయిల్ తేలుతుంటే ఆయిల్ కూలర్‌ను, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

పొగ ఎప్పుడొస్తోంది?

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని చాలామందికి తెలుసు. అసలు ప్రశ్న, అది ఎప్పుడొస్తోందన్నది. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు, గైడ్లవైపు చూడండి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆగకుండా వస్తుంటే రింగులు, లైనర్లమీద అనుమానం బలపడుతుంది. నల్లపొగ వేరే కథ. అది డీజిల్ ఎక్కువో, గాలి తక్కువో అని చెబుతుంది.

టర్బో నుంచి వచ్చే గాలి గొట్టం విప్పి లోపల చూడండి. పల్చటి తడి మామూలే, ఆయిల్ మడుగు కట్టి ఉంటే కాదు. అయినా వెంటనే టర్బో మార్చమనకండి. దాని ఆయిల్ తిరిగివచ్చే పైపు మూసుకుపోయినా, ఎయిర్ ఫిల్టరు పూడిపోయినా మంచి టర్బో కూడా ఆయిల్ వదులుతుంది.

గాలి ట్యాంకును మరవొద్దు

చాలామంది అభ్యర్థులు చెప్పలేనిది ఇదే. లారీలో బ్రేకులకు గాలినిచ్చే కంప్రెషర్‌కూ ఇంజిన్ ఆయిలే వెళ్తుంది. దాని రింగులు అరిగితే ఆయిల్ గాలితో కలిసి ట్యాంకులో చేరుతుంది. ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ట్యాంకు డ్రెయిన్ తిప్పండి. నీటితో కాస్త జిడ్డు వస్తే పర్వాలేదు. ఆయిల్ ధారగా వస్తే పోయిన ఆయిల్‌లో కొంత దొరికినట్టే. పొగ రాదు, నేలమీద చుక్క పడదు, ఆయిల్ మాత్రం తగ్గుతుంది. ఇలాంటి బండికి బోరు చేయిస్తే ఓనరు డబ్బు గోవిందా!

అప్పుడు బోరు సంగతి

ఇవన్నీ బాగుంటేనే లోపలికి వెళ్లాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా బ్రీదర్ పైపు నుంచి గాలి బలంగా తన్నుతోందా చూడండి. షెడ్లలో దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అరిగిన కంప్రెషర్, పాడైన టర్బో కూడా ఇలా తన్నించగలవు కాబట్టి కంప్రెషన్ టెస్టు చేసి సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చాలి. టెస్టు బాగా వచ్చినా ఆయిల్ కాలుతుంటే? ఆయిల్ రింగు మసిపట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. కంప్రెషన్‌ను పట్టి ఉంచేవి పై రింగులు, గోడలమీది ఆయిల్ గీకేది అడుగు రింగు.

చివరికి బోరే అని తేలితే, ఎందుకు అరిగిందో కూడా తేల్చండి. ఎయిర్ ఫిల్టరుకూ టర్బోకూ మధ్య గొట్టం చిరిగి దుమ్ము లోపలికి పోతుంటే, కొత్త రింగులూ అదే దారిన పోతాయి.

మీరేం చేయాలి?

పదో తరగతి అర్హతతో ఐటీఐలో ఏడాది డీజిల్ మెకానిక్, రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడులున్నాయి. ఆర్టీసీలు ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. నోటిఫికేషన్ల కోసం అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ చూస్తుండండి. ఈలోగా దగ్గర్లోని షెడ్డుకు వెళ్లి, వచ్చిన ప్రతి బండికీ నోట్‌బుక్‌లో మూడు గడులు రాయండి: ఓనరు చెప్పింది, మీరు చూసింది, చివరికి తేలింది. యాభై బండ్ల నోట్‌బుక్ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్తే మాట్లాడడానికి మీ దగ్గర సొంత సరుకు ఉంటుంది.

ఇక ఆ ఓనరుకు మీ జవాబు: ‘అన్నా, ఇంజిన్ ఇప్పుడే దించొద్దు. ముందు గాలి ట్యాంకు డ్రెయిన్ తిప్పి చూద్దాం.’