తోడు టిక్కెట్టు

2018 సెప్టెంబరులో ఓ గురువారం అర్ధరాత్రి మా ఆయన ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టారు. "చూడు, నీ పేరే రాశాను" అన్నారు. చూద్దును కదా, సౌత్‌వెస్ట్ విమానాల ఖాతాలో 'కంపానియన్' అన్న గడిలో నా పేరు, ఇంటిపేరుతో సహా! ఇకమీదట ఆయన ఆ విమానం ఎక్కినప్పుడల్లా పక్కన నాకు టిక్కెట్టు ఉచితమట.

చీర కొంటే జాకెట్టు ముక్క ఊరికే ఇచ్చినట్టు అనుకున్నాను ముందు. ఆ ముక్క ఎంత ఖరీదైందో తర్వాత లెక్కేసుకున్నాను.

మేముండేది అమెరికాలో, డాలస్ పక్క ఊళ్లో. ఆయనది కన్సల్టెంటు ఉద్యోగం. సోమవారం తెల్లవారుజామున షికాగో వెళ్తే మళ్లీ గురువారం రాత్రికే ఇల్లు చేరడం. టిక్కెట్లు కంపెనీ కొన్నా పాయింట్లు మాత్రం ఎక్కినవాడి ఖాతాలోనే పడతాయి. ఆ రోజుల్లో ఒక కాలెండరు సంవత్సరంలో 1,10,000 పాయింట్లు గానీ, 100 ఒకవైపు ప్రయాణాలు గానీ పూర్తయితే ఈ పాస్ ఇచ్చేవారు. జనవరి నుంచి ఆ రోజు దాకా 36 సోమవారాలు. ఆ 36 వారాలూ నేను ఇంట్లో ఒక్కదాన్నే. నా వీసా డిపెండెంటు వీసా, ఉద్యోగం చేసే వీల్లేదు. అంటే ఆయన నా దగ్గర లేనందుకు వచ్చిన పాయింట్లతో, ఆయన పక్కన కూర్చునే హక్కు నాకొచ్చిందన్నమాట!

ఏమాట కామాటే చెప్పుకోవాలి, పాస్ మాత్రం భలే సదుపాయం. సంపాదించిన సంవత్సరంలో మిగిలిన రోజులూ, ఆ పై సంవత్సరం మొత్తమూ చెల్లుతుంది. ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. తోడు వెళ్లేవాళ్లు కట్టేది ప్రభుత్వం వేసే భద్రతా రుసుము మాత్రమే, దేశం లోపల ఒకవైపుకి 5 డాలర్ల 60 సెంట్లు. అసలు కిటుకు ఇంకోటుంది. ఖాతాదారు టిక్కెట్టు డబ్బుతోనే కొనక్కర్లేదు, పాయింట్లతో తీసినా సరే, తోడుకి ఉచితమే. అలా ఇద్దరం కలిపి 11 డాలర్ల 20 సెంట్లతో లాస్ వేగస్ వెళ్లాం. తోడు పేరు ఏడాదికి మూడుసార్లు మార్చుకోవచ్చు కూడా. 2019లో మా అత్తయ్య వచ్చినప్పుడు నెల రోజులు ఆవిడ పేరుకి మార్చి గ్రాండ్ కాన్యన్ చూపించాం. "నీ పేరు కొట్టేసి నాది రాశాడేమిటే వాడు?" అని ఆవిడ తెగ నొచ్చుకున్నారు. "కొట్టెయ్యలేదత్తయ్యా, వాయిదా వేశారు" అన్నాను.

సౌత్‌వెస్ట్ 1971 జూన్ 18న టెక్సస్‌లోనే, డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియోల మధ్య మొదలైంది. ఒకే రకం విమానం, బోయింగ్ 737. భోజనాలూ గీజనాలూ ఉండవు. వేరుశెనగ పొట్లాలు కూడా 2018 ఆగస్టు నుంచి మానేశారు. మేం పులిహోర కట్టుకెళ్లేవాళ్లం. అన్నిటికంటే నాకు వింతగా తోచింది సీట్ల సంగతి. అప్పట్లో సీటు నంబర్లే లేవు! ఎ, బి, సి అని మూడు వరసలు. వరసలో మన నంబరు ప్రకారం ఎక్కి, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. తరచు ఎగిరేవారు కాబట్టి మా ఆయనకి ముందు నంబరు దానంతటదే వచ్చేది. ఆ మర్యాద తోడుకి వర్తించదు. సరిగ్గా 24 గంటల ముందు చెక్-ఇన్ చేసుకోవాలని నాకు తెలీదు, చెప్పాలని ఆయనకి తోచలేదు. మొదటి ప్రయాణంలో ఆయనది ఎ వరసలో 18, నాది బి వరసలో 47.

తీరా నేను లోపలికెళ్లేసరికి, ఆయన కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో జేబురుమాలు పరిచి దాన్ని చేత్తో అదిమి పట్టుకుని ఉన్నారు. తెనాలి బస్టాండులో ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే! నాకు నవ్వాగలేదు. కూర్చున్న పది నిమిషాలకే ఆయన నిద్రపోయారు. విమానం ఎక్కితే నిద్రపోవడం అలవాటైపోయిన మనిషి కదా. దిగేదాకా నేనే కిటికీలోంచి తొంగి చూస్తూ కూర్చున్నాను.

ఇవన్నీ సరదా కబుర్లు. సరదా కానిది ఒకటుంది.

2019 మార్చిలో మా చెల్లెలికి నెలలు నిండాయి. వాళ్లది కాలిఫోర్నియాలో శాన్ హోసే. అమ్మ ఇండియా నుంచి నెలాఖరుకి బయలుదేరాలి. పురుడుకి ఇంకా రెండు వారాలుందనగా, ఓ మంగళవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది, నొప్పులు మొదలయ్యాయని. ఈ పాస్‌కి అసలు షరతు అక్కడ గుర్తుకొచ్చింది. ఖాతాదారు ఎక్కితేనే తోడు ఎక్కేది. నేనొక్కదాన్నీ వెళ్తానంటే పాస్ చెల్లదు. ఆయనేమో షికాగోలో ఉన్నారు.

"ఇప్పటికిప్పుడు టిక్కెట్టంటే మూడొందల డాలర్ల పైమాటే. గురువారం రాత్రి నేనొచ్చేస్తాగా, శుక్రవారం పొద్దున్నే ఇద్దరం వెళ్దాం" అన్నారు. ఆయన్నొక్కణ్ణే అనడానికి లేదు, నేనూ సరేనన్నాను. ఆయన ఖాతాలో పాయింట్లున్నాయి, వాటితో నాకు టిక్కెట్టు తియ్యొచ్చు. ఊరికే వచ్చేదానికి పాయింట్లు తగలెయ్యడం ఎందుకని ఇద్దరికీ అనిపించింది. తొలి కాన్పు కదా, అంత తొందరగా అవదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బుధవారం తెల్లవారుజామున ఆపరేషన్ చేసి పాపని తీశారు. ఆస్పత్రిలో మా మరిది ఒక్కడే. పక్క ఫ్లాటు గుజరాతీ ఆవిడ కిచిడీ తెచ్చిపెట్టిందట. మేం శుక్రవారం మధ్యాహ్నానికి చేరాం. చెల్లెలు ఒక్క మాటయినా అనలేదు. "ఇద్దరూ కలిసి వచ్చారు, మంచిదయింది" అంది. తిట్టినా బాగుండేది.

టిక్కెట్టుకి డబ్బుల్లేక ఆగిపోతే అదొక బాధ. డబ్బులుండి, ఉచితం కోసం ఆగిపోయాను నేను.

2021లో నాకు పని చేసుకునే అనుమతి వచ్చింది. గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వెళ్లినవాళ్ల జీవిత భాగస్వాములకి 2015 నుంచి ఆ వీలు కల్పించారు. పచ్చళ్లు, పొడులు, అరిసెలు చేసి అమ్మడం మొదలుపెట్టాను. నా పేరుతో ఓ విమాన ఖాతా కూడా తెరిచాను. మరి నేను వారం వారం ఎగిరే మనిషిని కాదు కదా, పాయింట్లెలా? ఆ విమాన సంస్థ పేరుతోనే వచ్చే క్రెడిట్ కార్డులకి చేరిక బోనసు ఉంటుంది, అదీ పాస్ లెక్కలోకి వస్తుంది. సొంత ఖర్చులకొకటి, వ్యాపారానికొకటి, రెండు కార్డులు తీసుకున్నాను. 2024 నాటికి పాస్‌కి 1,35,000 పాయింట్లు కావాలి. కార్డున్నవాళ్లకి అందులో 10,000 వాళ్లే కలుపుతారు. మా ఆయన చేసిన పొరపాటు నేను చెయ్యలేదు. సెప్టెంబరులో పాస్ వస్తే ముప్పాతిక సంవత్సరం పోయినట్టే. అందుకని 2023 చివర్లో కార్డులు తీసుకుని, బోనసులు డిసెంబరులో కాకుండా జనవరి దాటాక పడేట్టు బిల్లు తేదీ చూసుకుంటూ ఖర్చుపెట్టాను. ఇంట్లోకీ వ్యాపారానికీ సరుకులన్నీ వాటి మీదే. పాస్ చేతికొచ్చింది 2024 ఫిబ్రవరిలో, గడువు 2025 డిసెంబరు 31 దాకా. ఇంకోమాట. అప్పట్లో ఆ కార్డుల మీద వడ్డీ నూటికి ఇరవై పైనే. నెలనెలా బిల్లు పూర్తిగా కట్టగలననుకుంటేనే ఈ జోలికి వెళ్లండి.

'కంపానియన్' గడి తెరిచినప్పుడు ఆయన నా వెనకే నిలబడ్డారు. "నా పేరేనా, ఇంకెవరిదైనానా?" అన్నారు నవ్వుతూ. చెల్లెలి పేరు రాద్దామా అని ఒక్క క్షణం అనుకున్నమాట నిజం. చివరికి ఆయన పేరే రాశాను. అత్తయ్య ఫోన్‌లో, "అయితే ఇప్పుడు నువ్వు తీసుకెళ్తేనే వాడు వెళ్లాలా?" అన్నారు. కోపంగా అన్నారో సంతోషంగా అన్నారో తెలుసుకోలేకపోయాను.

ఆ రెండేళ్లలో ఆ విమానాల తీరు చాలా మారింది. ఉచితంగా తీసుకెళ్లే రెండు పెట్టెలకి 2025 మే 28 నుంచి డబ్బులు పెట్టారు. 2026 జనవరి 27 నుంచి సీట్లకి నంబర్లొచ్చాయి, ఇక జేబురుమాళ్లతో పని లేదు. మా పాస్ గడువు ఆ లోపే అయిపోయింది.

ఆ పాస్ మీద మొదట వెళ్లింది చెల్లెలి దగ్గరికే, పాప అయిదో పుట్టినరోజుకి. ఓక్లాండు విమానం ఎక్కే ముందు మా ఆయన జేబులోంచి ఆరు డాలర్లు తీసి నా చేతిలో పెట్టారు. "నా టిక్కెట్టు డబ్బులు. నీకెందుకు బాకీ?" అన్నారు. తీసుకుని పర్సులో వేసుకున్నాను. నలభై సెంట్లు చిల్లర మాత్రం ఇవ్వలేదు.