ప్రతి ముక్కకూ ఒక పువ్వు

దావీదు మహారాజు దేవుని మందసాన్ని యెరూషలేముకు తెచ్చిన రోజున గొప్ప పండుగ జరిగింది. బలులు అర్పించి ప్రజలను దీవించాక, రాజు వారిని వట్టి చేతులతో పంపలేదు. కూడివచ్చిన స్త్రీలకూ పురుషులకూ ఒక్కొక్కరికి ఒక రొట్టె, దానితోపాటు ఎండు ద్రాక్షపండ్ల అడ ఇచ్చి సాగనంపాడని రెండవ సమూయేలు గ్రంథం ఆరో అధ్యాయంలో చదువుతాం. అడ అంటే ఒక రకంగా ఆనాటి కేకే. దాని మీద ఏ అలంకారం ఉందో బైబిలు చెప్పలేదు. అది అందరికీ అందిందని మాత్రం చెప్పింది.

డిసెంబరు నెల వస్తే మన సంఘాల్లో సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి. ‘ఈసారి కేకు నువ్వు అలంకరించమ్మా’ అని పాస్టరమ్మ గారు అడిగితే, ఎన్నడూ ఆ పని చేయని చెల్లెళ్లు ‘నాకు చేతకాదండీ’ అని వెనక్కి తగ్గుతారు. బేకరీ అద్దాల వెనుక కనిపించే గులాబీలు, మూడంతస్తుల కేకులు వారిని భయపెడతాయి. కానీ సంఘంలో కేకు చూడటానికి కాదు, పంచుకోవడానికి. ఈ ఒక్క మాట గుర్తుంటే పని సగం తేలికవుతుంది.

కేరళలోని తలశ్శేరిలో బిస్కెట్లు చేసుకునే మాంబల్లి బాపు 1883లో మన దేశపు తొలి క్రిస్మస్ కేకు చేశాడని చెబుతారు. ఒక తోటల యజమాని ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకును రుచి చూపించి అలాంటిది చేయమంటే, ఆయన స్థానిక దినుసులు కూడా వాడి చేసి ఇచ్చాడట. ఆయనకూ అది మొదటి కేకే!

మొదటిసారి చేసేవారు గుండ్రని కేకు కంటే పలకలా ఉండే కేకు ఎంచుకోవడం మేలు. ఇంట్లో ఓవెన్ లేకపోతే బేకరీలో క్రీము లేని సాదా స్పాంజి కేకు చేయించుకోవచ్చు. 12 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు ఉన్న కేకును అంగుళంన్నర చదరాలుగా కోస్తే 8 వరుసల్లో ఆరేసి చొప్పున 48 ముక్కలు వస్తాయి. తొంభై మంది వచ్చే కూడికకు అలాంటివి రెండు చాలు. ముందు మనుషులను లెక్కపెట్టి, తర్వాతే కేకు సంగతి చూడాలి.

ఒక కేకు పూతకు ఉప్పు లేని వెన్న పావుకిలో, జల్లించిన ఐసింగ్ షుగర్ అరకిలో, రెండు చెంచాల పాలు, కొద్దిగా వెనీలా ఎసెన్స్ కావాలి. వేలితో నొక్కితే దిగేంత మెత్తబడిన వెన్నను అయిదు నిమిషాలు బాగా గిలకొట్టి, తెల్లబడ్డాక పంచదార పొడిని మూడు నాలుగు విడతలుగా కలపాలి. చివర్లో పాలు, ఎసెన్స్ చేర్చాలి.

కేకు పూర్తిగా చల్లారాకే పూత వేయాలి. వేడి మీద వేస్తే వెన్న కరిగి జారిపోతుంది. పైభాగం ఉబ్బి ఉంటే రంపపు కత్తితో చదును చేయాలి. మొదట పలుచగా ఒక పూత వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే, రాలే పొడి అంతా ఆ పూతకు అంటుకుపోతుంది. ఆ పైన రెండో పూత వేసి, శుభ్రంగా కడిగిన స్టీలు స్కేలును వేడినీటిలో ముంచి, తుడిచి, ఒక చివర నుంచి మరో చివరకు లాగితే పైభాగం నున్నగా వస్తుంది.

ఇక అలంకారం. అదే స్కేలుతో పూత మీద 48 గళ్లు పడేలా సన్నని గీతలు గీయాలి. శుభ్రమైన మందపాటి ప్లాస్టిక్ కవరులో మిగిలిన క్రీము నింపి, ఒక మూల చిన్నగా కత్తిరించి, ప్రతి గడి మధ్యలో ఒక బొట్టు పెట్టాలి. కవరును నిటారుగా పట్టుకుని నొక్కాలి, నొక్కడం ఆపాలి, ఆ తర్వాతే పైకెత్తాలి. నొక్కుతూ ఎత్తితే తోక వస్తుంది. ముందు ఒక పళ్లెం మీద పది బొట్లు పెట్టి చూసుకోండి, ఆ క్రీమును తీసి మళ్లీ కవరులో వేసుకోవచ్చు. ప్రతి బొట్టు మీద ఒక టూటీఫ్రూటీ గానీ కిస్‌మిస్ గానీ పెడితే అదే పువ్వు. కోసేవారికి ఆ గీతలే దారి చూపుతాయి.

కేకు మీద రాత కొత్తవారికి కష్టం. మన అక్షరాల గుండ్రదనం క్రీముకు అనుకూలమే కానీ, ‘క్రిస్మస్’లాంటి మాటల్లో వత్తులు ముద్దగా కలిసిపోతాయి. పైగా ప్రభువు నామం రాసి దాని మీద కత్తి పెట్టడానికి కొందరు పెద్దల మనసు ఒప్పదు. శుభాకాంక్షలు ఒక అట్ట మీద అందంగా రాసి పక్కన నిలబెడితే చాలు. నురగ స్ప్రేలు తినేవి కావు, కేకు దగ్గరికి రానీయకండి. పిన్నులు, ప్లాస్టిక్ నక్షత్రాలు కూడా పసిపిల్లల నోటికి ప్రమాదం.

ఈస్టరుకైతే ఎండలకు వెన్న పూత నిలవదు. అప్పుడు చల్లారిన కేకు మీద సిలువ ఆకారం కత్తిరించిన కాగితం పరచి, పైన ఐసింగ్ షుగర్ జల్లించి, కాగితాన్ని మెల్లగా ఎత్తేస్తే చాలు.

కొరింథు సంఘం కూడి తినేటప్పుడు కొందరు కడుపునిండా తింటూ ఉంటే మరికొందరు ఆకలితో మిగిలిపోయేవారు. పేదలను సిగ్గుపరుస్తున్నారని పౌలు వారిని గట్టిగానే మందలించాడు. నేడు మన కూడికల్లోనూ ముందు వరుసలకు పెద్ద ముక్కలు, వెనుక చాపల మీద కూర్చున్నవారికి పొడి మిగలడం చూస్తుంటాం. మధ్యలో ఒకే ఒక పెద్ద గులాబీ ఉన్న కేకులో ఆ గులాబీ ఎవరో ఒకరికే దక్కుతుంది. గడికొక బొట్టు పెట్టిన కేకులో ఆలస్యంగా వచ్చిన కూలి తల్లికీ, ఆమె చంకలోని బిడ్డకూ కూడా ఒక్కో పువ్వు ఉంటుంది.

బొట్లు కాస్త వంకరగా వచ్చినా దిగులు పడకండి. ఈ క్రిస్మస్‌కు ఆ పని మీకు అప్పగిస్తే ‘సరే’ అనండి. మందిరానికి వచ్చేవారందరినీ తలచుకుంటూ, ఒక్కో బొట్టు పెట్టేటప్పుడు ఒక్కొక్కరి కోసం ప్రార్థించండి. అంతకన్నా చక్కని అలంకారం ఏ బేకరీలోనూ దొరకదు.