పంపు మార్చే ముందు గాలిని పట్టుకోండి

సార్వా కోతలు అయ్యాక కంకిపాడు మీదుగా బందరు రోడ్డు పొడవునా ధాన్యం లారీలే. వాటిలో పాత టాటాలు, లేలాండ్లు ఇంకా కనిపిస్తాయి. మంచు పడే పొద్దుటి పూట ఇలాంటి బండి మొరాయించిందంటే డ్రైవర్ల నోట వచ్చే మాటలు ఇంచుమించు ఒకటే: సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు, అందుకున్నా కాసేపటికి ఆగిపోతుంది, లోడు మీద లాగదు. ఆ వెంటనే తీర్పు కూడా వచ్చేస్తుంది: ఫీడ్ పంపు పోయింది, మార్చెయ్. విజయవాడ ఆటోనగర్ ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. ఏ పాత బండి స్పేరైనా అక్కడ దొరుకుతుంది. అంత దగ్గర్లో దొరకడం వల్లే కాబోలు, పరీక్షించడం కన్నా మార్చెయ్యడం అలవాటైపోయింది.

పాత డీజిల్ ఇంజన్లో పంపులు రెండు. పెద్దది ఇంజక్షన్ పంపు. దాని పక్కన అతికించినట్టు ఉండే చిన్నది ఫీడ్ పంపు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజన్లో ఇంధనాన్ని సిలిండర్లోకి కొట్టడానికి అధిక పీడనపు గాలి వాడేవారు, దానికి వేరే కంప్రెసర్ కావాలి. అంత బరువు లారీకి పనికిరాదు. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1927లో ఇంజక్షన్ పంపుల తయారీ మొదలుపెట్టాకే డీజిల్ విరివిగా రోడ్డెక్కింది. మన దేశంలో ఆ పని చేసింది 1951లో బెంగళూరులో పెట్టిన మైకో. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా పాత మేస్త్రీలకు అది మైకో పంపే.

ఫీడ్ పంపు పని తేలిక. ఛాసిస్ పక్కన కింద ఉన్న ట్యాంకు నుంచి డీజిల్‌ను పైకి లాగి, ఫిల్టర్లు దాటించి, చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు కేజీల ఒత్తిడితో పెద్ద పంపుకు అందించాలి, అంతే. పెద్ద పంపులోని కామ్ షాఫ్టే దీని ప్లంజర్‌ను కూడా నెడుతుంది. వెనక్కి తోసేది స్ప్రింగు. డీజిల్‌ను ముందుకు పంపేది కూడా ఆ స్ప్రింగు తోపే. ముందు లైన్లో ఒత్తిడి పెరిగితే స్ప్రింగు బలం చాలక ప్లంజర్ మధ్యలోనే నిలిచిపోతుంది, పంపడం తగ్గుతుంది. ఒత్తిడి తనంతట తానే అదుపులో ఉండే ఏర్పాటిది, ఏ ఎలక్ట్రానిక్సూ లేదు. దీంట్లో అరిగేవి ప్లంజర్, రెండు వాల్వులు, రబ్బరు సీళ్లు, స్ప్రింగు. కాబట్టి చెడిపోదని కాదు. కానీ చెడిపోయినట్టు కనిపించే సందర్భాల్లో చాలావాటికి దోషి గాలి.

ఎందుకో లెక్క చూడండి. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 కేజీల ఒత్తిడి రావాలి. ఆ ఒత్తిడికి డీజిల్ నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుకు మించి కుదించుకుపోదు. అందుకే పెద్ద పంపు ప్లంజర్ కొంచెం కదిలినా నాజిల్ తెరుచుకుంటుంది. గాలి అలా కాదు, 200 కేజీల దగ్గర దాదాపు రెండు వందల వంతుకు నలిగిపోతుంది. ఒక్కో స్ట్రోకులో సిలిండర్‌కు వెళ్లేది ఇంచుమించు ఒక చుక్కంత డీజిల్. ఆ చుక్క స్థానంలో బుడగ వచ్చిందా, ప్లంజర్ శ్రమంతా దాన్ని నలపడానికే సరిపోతుంది. నాజిల్ మూసుకునే ఉంటుంది.

మరి ఆ గాలి ఎక్కడ దూరుతుంది? ఇక్కడే చాలామంది పొరపడతారు. ఫీడ్ పంపు దాటాక పైపు కారితే డీజిల్ బయటికి చిమ్ముతుంది, తడి కనిపిస్తుంది. ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్న పైపులో ఒత్తిడి బయటి గాలికన్నా తక్కువ. అక్కడ కంత పడితే ఇంజన్ నడుస్తున్నప్పుడు చుక్క కూడా కారదు, గాలే లోపలికి పోతుంది. కాలవ గట్టున ఆయిల్ ఇంజన్‌తో నీళ్లు తోడే రైతుకు ఇది తెలిసిన సంగతే: సక్షన్ గొట్టం ఎక్కడో గాలి పీలిస్తే నీళ్లు అందవు. లారీలోనూ అనుమానించాల్సినవి బీటలు పడ్డ రబ్బరు గొట్టం, బ్యాంజో బోల్టు కింద నలిగిన రాగి వాషర్, ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే ప్రైమర్‌ను వాడాక బిగించకుండా వదిలేయడం.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. ముందు ట్యాంకు మూత తీసి బండి నడపండి. కుదుటపడితే మూతలోని గాలి రంధ్రం పూడినట్టు. లేదంటే సక్షన్ గొట్టాన్ని పంపు దగ్గర విప్పి, దాని బదులు వేరే మంచి గొట్టం తగిలించి, రెండో కొసను శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాలో ముంచి స్టార్టు చేయండి. ఇంజన్ బాగా నడిస్తే పంపు నిర్దోషి, తప్పు ట్యాంకుదో పైపుదో. ఫిల్టర్లు పూడినా లక్షణాలు ఇవే కాబట్టి వాటినీ వదలకూడదు.

ఇవన్నీ చూశాక కూడా పంపు మీదే తేలితే మార్చాల్సిందే. మార్చడం పెద్ద విద్య కాదు, శుభ్రతే విద్య. ఇంజక్షన్ పంపు ప్లంజర్‌కూ దాని బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. ఇసుక రేణువు దూరిందంటే ఫీడ్ పంపు ఖర్చు పెద్ద పంపు ఖర్చవుతుంది. ముందు చుట్టూ బురద కడగాలి, విప్పిన పైపు మూతులకు మూతలు పెట్టాలి. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకెయ్యాలి, రాగి వాషర్లు కొత్తవి వెయ్యాలి. కామ్ ఎత్తు మీద ఉండి పంపు సరిగా కూర్చోకపోతే నట్లతో లాగకండి, ఇంజన్‌ను కొద్దిగా తిప్పితే అదే కూర్చుంటుంది.

తర్వాత ఎయిర్ తీయడం. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ప్రైమర్ కొట్టి బిగించాలి. అదే పని ఇంజక్షన్ పంపు దగ్గరా చేయాలి. ప్రైమర్‌ను కిందికి నొక్కి గట్టిగా బిగించడం మరవొద్దు. రెండు మూడు రోజుల తర్వాత డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరిగి, ఆయిల్ పలచగా డీజిల్ వాసన కొడుతుంటే పంపులోంచి డీజిల్ లోపలికి దిగుతున్నట్టే. ఆ ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పోతాయి.

ఒక హెచ్చరిక: ఈ పద్ధతి పాత మెకానికల్ పంపులున్న బళ్లకే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల్లో ఉండేది కామన్ రైల్ అనే వేరే ఇంజక్షన్ ఏర్పాటు. అందులో ఒత్తిడి 1,600 కేజీలు దాటుతుంది. నడుస్తున్న ఇంజన్‌పై దాని డీజిల్ పైపు వదులు చేస్తే వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపించినా ఆ చేతిని వెంటనే సర్జన్‌కు చూపించాలి.