నీళ్ళు తల్లికి, పాలు బిడ్డకు

వేసవిలో అనంతపురం పీఠభూమిపై బిడ్డ పుట్టిన ఇంట ఒక ప్రశ్న తప్పక తలెత్తుతుంది. ఇంత ఎండకు పసిగొంతు ఎండిపోదా, రెండు చుక్కల నీళ్ళు పోస్తే తప్పేమిటి? కదిరిలోని మా ఇంట తొలి సంతానం కలిగినప్పుడు మేమూ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాము. బిడ్డ చెవిలో అజాన్ వినిపించిన ఆనందం ఇంకా తీరనే లేదు, మూడవ నాటికి ఇంటిని ఆందోళన ఆవరించింది. బిడ్డ పెదవులు పొడిబారాయి. ముఖం పసుపుపచ్చగా మారింది. ఏడుపు ఆగలేదు. "గొంతు తడారిపోతాంది నాయనా" అంటూ మా అవ్వ కాచి చల్లార్చిన నీళ్ళలో చక్కెర కలిపి ఉగ్గుగిన్నెతో వచ్చింది.

ఆమె ప్రేమను మేము శంకించలేదు. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి ఋతుపవనాలు, తూర్పు తీరానికి దూరంగా ఉన్నందున ఈశాన్య ఋతుపవనాలు మా నేలను అరకొరగానే తడుపుతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే ఇక్కడి ఆధారం. బిందెడు నీళ్ళ కోసం పొలాలు దాటి నడిచిన తరం మా అవ్వది. పసివాడు ఏడిస్తే ఆమెకు ముందుగా తోచేది దాహమే.

అయితే అదే ఇంట్లో బాలింతకు మాత్రం నీళ్ళు కొలిచి ఇస్తున్నాము. ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దల మాట. పూటకొక గ్లాసు వేడినీళ్ళతో ఆమె సరిపెట్టుకుంటోంది. ఈ వైపరీత్యం మా కంటికి ఆనలేదు.

దానిని చూపినది ఆ పూట వచ్చిన ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పు జరిగిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడటం ఆశాల విధి. బిడ్డ ఎన్నిసార్లు మూత్రం పోశాడని, తల్లి ఎన్ని నీళ్ళు తాగిందని ఆమె అడిగింది. రెండింటికీ మా వద్ద సరైన సమాధానం లేదు. అప్పుడామె బిడ్డ నోరు బాగా తెరుచుకుని, చనుమొనతోపాటు చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్ళేలా పట్టించింది. "అవ్వా, బిడ్డకు ఈ నీళ్ళు వద్దు. తల్లికి చెంబెడు మంచినీళ్ళు ఇవ్వండి" అన్నది. పచ్చదనాన్ని వైద్యునికి చూపించమని మమ్మల్ని అదే రోజు ఆసుపత్రికి పంపింది. పరీక్ష చేసిన వైద్యులు ప్రమాదం లేదని, తరచుగా పాలు పట్టమని చెప్పారు.

తల్లిపాలలో నూటికి సుమారు 88 పాళ్ళు నీరే. కనుక ఎంతటి ఎండలోనైనా, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తాగే బిడ్డకు వేరే నీళ్ళు అవసరం లేదు. పైగా అవి హాని చేస్తాయి. చిన్న పొట్ట నీళ్ళతో నిండితే బిడ్డ పాలు తక్కువగా తాగుతాడు. బిడ్డ తక్కువగా తాగితే తల్లికి పాల ఉత్పత్తి తగ్గుతుంది. నీళ్ళు మితిమీరితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ కూడా రావచ్చు. శుభ్రం లేని గిన్నె, చెంచాల వల్ల విరేచనాలు పట్టుకుంటాయి. మా ప్రాంతంలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న బోర్లు అనేకం. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

ఈ విషయం తెలిసిన రాత్రి మాకు హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) గుర్తుకు వచ్చారు. నీరు, నీడ లేని మక్కా లోయలో తిత్తిలోని నీళ్ళు అయిపోయాయి. పసివాడైన ఇస్మాయీల్ (అలైహిస్సలాం) దాహంతో విలవిలలాడారు. ఆ తల్లి సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు పరుగెత్తారు. జమ్ జమ్ ఉబికిన తరువాత జరిగినది సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం తెలుపుతుంది: ఆమె ఆ నీళ్ళు తాను తాగి, బిడ్డకు పాలిచ్చారు. ఎన్నోసార్లు విన్న గాథే అయినా ఈ చిన్న మాట మా మనసుకు అంతవరకు తట్టలేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 233వ ఆయతు పాలిచ్చే గడువును రెండు సంవత్సరాలుగా పేర్కొంటూ, ఆ తల్లి అన్నవస్త్రాల భారాన్ని తండ్రిపై ఉంచింది. అంటే బాలింత కంచంలో ఏముంది, చెంబులో నీళ్ళున్నాయా అని చూడటం తండ్రి బాధ్యత. తనకో, బిడ్డకో హాని కలుగుతుందని భయపడే పాలిచ్చే తల్లికి రమజాను ఉపవాసాల్లోనూ షరీఅత్ సడలింపునిచ్చింది. తరువాత వాటిని ఎలా తీర్చుకోవాలో ఉలమాలను అడిగి తెలుసుకోవాలి.

తేనె విషయంలోనూ జాగ్రత్త అవసరం. తేనెలో స్వస్థత ఉందన్నది మన విశ్వాసం. కానీ ఏడాది నిండని శిశువు పేగులు పరిపక్వం కావు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మక్రిమి వారి నరాలను దెబ్బతీస్తుంది. తహ్నీక్ చేసేవారు ఖర్జూరాన్ని శుభ్రమైన వేలితో అంగిటికి తాకించడంతో సరిపెట్టాలి. దానిని ఆహారంగా మార్చకూడదు.

పాలు చాలుతున్నాయా అన్నది తెలుసుకోవడం సులభం. రోజుకు 8 నుండి 12 సార్లు పాలు తాగాలి. మొదటి వారం గడిచాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. పుట్టిన కొద్ది రోజుల్లో తగ్గిన బరువు రెండు వారాలలోపు తిరిగి రావాలి. పచ్చదనం సాధారణంగా రెండవ, మూడవ రోజున కనిపించి రెండు వారాలలో తగ్గుతుంది. తొలి 24 గంటల్లోనే కనిపించినా, అరచేతులకు, అరికాళ్ళకు పాకినా ఉదయపు ఎండ చూపుతూ కూర్చోరాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పాలు తాగకపోవడం, లేపినా లేవని మత్తు, మూర్ఛ, నిమిషానికి 60 లేక అంతకు మించిన శ్వాస, ఛాతీ లోనికి గుంజుకుపోవడం, ఒళ్ళు చల్లబడటం కూడా ప్రమాద సూచనలే. వేసవిలో దుప్పట్లు ఎక్కువై ఒళ్ళు వెచ్చబడవచ్చు. వాటిని తీసిన తరువాత కూడా జ్వరం 37.5 డిగ్రీల సెల్సియస్ ఉంటే ఆలస్యం చేయకూడదు. 108కి ఫోన్ చేయాలి. అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనూ, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనూ పసికందులకు వైద్యం అందుతుంది.

ఏడవ నాటికి, అఖీఖా జరిగిన రోజుకు, మా బిడ్డ పచ్చదనం తగ్గుముఖం పట్టింది. ఆరవ వారం టీకాలకు వెళ్ళేనాటికి మా ముఖాలను చూసి తొలిసారి నవ్వాడు. ఇప్పుడు వాడు ఏడ్చినప్పుడల్లా మా అవ్వ ఉగ్గుగిన్నె కోసం వెతకదు. చెంబుతో నీళ్ళు తెచ్చి కోడలి చేతికిచ్చి, "ముందు నువ్వు తాగమ్మా" అంటుంది.

హజ్రత్ హాజిరా కోసం ఎడారిలో ఊటను వెలికితీసిన అల్లాహ్, మన ఇళ్ళలోని ప్రతి తల్లికీ ఆరోగ్యాన్ని, ప్రతి పసిబిడ్డకూ తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.