మూగవోయిన రెమ్మ

నెమలినార చెట్టును మీ రెఱుఁగుదురు. ఆకు నలిపిన దుర్వాసన వేయును. పూర్వము సామర్లకోటలో వృక్షపరిశోధన చేసిన రాక్స్‌బర్గు దొర దీనిని పాశ్చాత్యుల ఎల్ము చెట్ల జాతిలోఁ జేర్చెను. 1848లో ప్లాంషాన్ పండితుఁడు హోలోప్టీలియా యని వేఱుజాతి చేసెను. కుటుంబము మాత్ర మొక్కటియే.

ఇట్టి చెట్ల రెమ్మలను నొక్కి, యెండఁబెట్టి, కాగితమున కతికించి భద్రపఱచు శాలను హెర్బేరియ మందురు. అచట రెమ్మతోపాటు వ్రాఁతయు ముఖ్యము: ఊరు, తేది, స్థానికనామము, చెట్టు తానై మొలచినదో, యెవరైన నాటినదో. నెమలినార కాయకు పలుచని ఱెక్క గలదు. గాలి కెగిరి దూరమున మొలచును. కావున చూచినంతమాత్రమున నీ భేదము తెలియదు.

నేను బడిపంతులుగా నుండఁగా చెఱువుగట్టున నొక రెమ్మను గోసి యెండఁబెట్టితిని; వ్రాఁత మఱచితిని. పిదప నా చెట్టును గొట్టివేసిరి. నేఁడా రెమ్మ మూగసాక్షి. మీ యూరి చెట్ల పుట్టుక యెఱిఁగినవారు మీరే. దానిని నేఁడే వ్రాసి యుంచుఁడు.