ఆడు బిడ్డలు – గట్టుమీది పెద్దలు



మా మైలవరములో సాయంకాలము బడి విడిచిన తోడనే పాఠశాల యావరణము నుండి చెడుగుడు కూతలు వినవచ్చును. ఆ యాటను ఇప్పుడందఱును కబడ్డీ యనుచున్నారు. మా చిన్ననాట అది ఎండిన చెరువులోను, కోతలైన పొలములలోను, వెన్నెల రాత్రులలోను ఆడుకొనెడి యాట. ఓడినవానికి ఇంటికడ శిక్ష లేదు. గెలిచినవానికి బహుమానమును లేదు. అన్నము వేళకు ఇద్దఱును ఒకే దుమ్ముతో ఇల్లు చేరెడివారు. నేడట్లు కాదు. మండలపు పోటీ, జిల్లా పోటీ, రాష్ట్రపు పోటీ యని మెట్లు మెట్లుగా నేర్పడినవి. పదునాలుగేండ్ల లోపువారికొకటి, పదునేడేండ్ల లోపువారికొకటి. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనది మొదలు పల్లెటూరి కుఱ్ఱవాండ్రు టీవీలో కనబడి లక్షలు గడించుట మనము చూచుచున్నాము. ఆటగాండ్రకు కళాశాలలలోను కొలువులలోను ప్రత్యేకముగా కొన్ని స్థానములును గలవు. కావున తండ్రులకును తాతలకును ఆశ పుట్టుట తప్పు కాదు. ఆ యాశ బిడ్డ నెత్తిమీద మూటగా మాఱుట ఎట్లు జరుగునో చెప్పుట నా యుద్దేశము.

ముందు నా తప్పు చెప్పుకొందును. నేను తెలుగు పండితుడను. ఆటల మర్మము నాకు తెలియదు. 1994లో వ్యాయామోపాధ్యాయునికి జ్వరము వచ్చుటచే, జిల్లా పోటీకి పిల్లలను వెంటబెట్టుకొని పోవలసినవాడనైతిని. ఆ జట్టులో పదుమూడేండ్ల బాలుడొకడు కూతకు పోవుటలో మిక్కిలి నేర్పరి. పట్టబోయిన చేతులలోనుండి చేపవలె జాఱి వచ్చెడివాడు. తుది పోటీకి ముందు నేను వాని భుజము తట్టి, “నాయనా, మన యూరి పరువు నీ చేతిలో నున్నది. మీ నాయన పని మానుకొని వచ్చి గట్టుమీద కూర్చున్నాడు, మఱవకు” అంటిని. అది ప్రోత్సాహమని నా తలంపు. వాడు గీత దాటి కూత కెత్తుకొనుచు ఒక్కమారు గట్టు వైపు చూచెను. ఆ చూపు మరలులోపలనే కాలు పట్టుబడెను. తరువాత రెండు మార్లును అట్లే జరిగెను. తిరుగు బస్సులో మైలవరము వచ్చువఱకు వాని తండ్రి పలుకలేదు, నేనును పలుకలేదు. ఆ మౌనము తిట్లకంటె బరువైనదని అప్పుడు తోచలేదు. వాడు పది దినములు బడికి రాలేదు. ఆ సంవత్సరము మరల ఆట గీతలో కాలు పెట్టలేదు.

నా మాట వాని కాలిని ఎట్లు కట్టివేసెను? దీనిని నేను చాలకాలము విచారించితిని. నీళ్ళబిందె నెత్తిన పెట్టుకొని గట్టువెంట నడచు స్త్రీని చూడుడు. ఆమె తన యడుగులను లెక్కించుకొనదు, మాటలాడుచు నడచును. “జాగ్రత్త, బిందె పడును సుమా” యని మనము కేక వేసితిమేని ఆమె తన యడుగును తాను చూచుకొనును, బిందె తొణకును. పలుమారులు చేసి దేహమునకు అలవడిన పని మనస్సు ప్రమేయము లేకయే సాగును. భయము పుట్టినపుడు మనస్సు అందు చేయి పెట్టును. పెట్టగానే అలవడిన పనియు తప్పును. అదియుగాక భయమువలన గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి పొట్టియగును, కండరములు బిగియును. ముప్పది సెకండ్లలోపల ఊపిరి విడువక కూత పెట్టుచు ఏడుగురి నడుమ తిరిగి రావలసినవానికి ఇంతకంటె శత్రువేది? కొంచెము బెదురు మంచిదే. అది మనిషిని మేల్కొలుపును. మితిమీరినదే చేటు. ఆ మితి బిడ్డకు బిడ్డకు వేఱు.

భారతములో ద్రోణుడు శిష్యులను పరీక్షించిన కథ మీ రెఱిగినదే. చెట్టుమీది పక్షిని చూపి, నీకేమి కనబడుచున్నదని యడిగెను. ధర్మరాజు తనకు చెట్టును, గురువును, తమ్ములును కనబడుచున్నారనెను. అర్జునునకు పక్షి తల తప్ప మఱేమియు కనబడలేదు. ఈ కథను మనము అర్జునుని యేకాగ్రతకు సాక్ష్యముగా చెప్పుదుము. నేనును ముప్పదియేండ్లు తరగతిలో అట్లే చెప్పితిని. కాని దానిని వెనుకనుండి చదివిన వేఱొక యర్థము కనబడును. గుఱి చూడవలసిన వేళ గురువు ముఖము కనబడెడి శిష్యుడు బాణము వేయలేడు. తమ్ములు కనబడినను వేయలేడు. మా మైలవరపు బాలునికి గట్టుమీద తండ్రి కనబడెను, ఆ వెనుక ఊరంతయు కనబడెను. వారిని వాని కంటియెదుట నిలిపినవాడను నేనే.

విలువిద్య ప్రసంగవశమున వచ్చినది గనుక మన విజయవాడ బాలిక మాటయు చెప్పవలెను. వెన్నం జ్యోతి సురేఖ అయిదేండ్లు నిండకమునుపే కృష్ణానదిని ఈది దాటి పేరు పొందినది. తండ్రి పశువైద్యుడు, ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. ఆమె కడకు కుదురుకొన్నది నీటిలోను గాదు, కబడ్డీ గీతలోను గాదు, వింటిచెంత. 2023లో చైనా దేశపు హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలుచుకొన్నది. హైదరాబాదు పి.వి. సింధు తలిదండ్రులిద్దఱును వాలీబాలు ఆటగాండ్రు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము పొందిన భారతజట్టులోనివాడు. కూతురు పట్టుకొన్నది బ్యాడ్మింటను రాకెట్టు. 2016లో ఒలింపిక్ రజతము, 2019లో ప్రపంచ విజేతృత్వము, 2021లో టోక్యో కాంస్యము ఆమెకు లభించినవి. తమకు వచ్చిన యాట యింటిలో నుండగా బిడ్డ వేఱొకటి కోరినప్పుడు సరే యనుట చిన్న సంగతి కాదు.

ఇందుకు మాఱు చెప్పువారు గుడివాడలో పుట్టిన కోనేరు హంపిని చూపుదురు. ఆమె తండ్రి అశోక్ తన చదరంగమునే కూతురికి నేర్పెను. అందుకై కొలువు కూడ విడిచెను. 2002లో పదునైదేండ్ల ప్రాయముననే ఆమె గ్రాండ్‌మాస్టరైనది. తల్లియైన పిదపను 2019లో, మరల 2024లో, ప్రపంచ ర్యాపిడ్ చదరంగమున గెలిచినది. నిజమే. ఇది చూచి పొలమమ్మి బిడ్డ వెంట తిరుగ దలచువారికి ఒక్కటే మనవి. ఆమెకు ఆ యాటయందు ప్రీతి యుండెను గనుకనే తల్లియైన పిదపను ఎవ్వరును తఱుమకయే బల్లకడకు వచ్చినది. ఫలించిన చెట్టు ఒక్కటి దారిన పోవు వారందఱకును కనబడును. ఎండిపోయిన మొక్కల లెక్క ఎవ్వరును వ్రాసికొనరు.

లెక్కలనగా దూరదేశపు ముచ్చట యొకటి. నార్వే యను దేశమున ప్రజలు అరువది లక్షలకు లోపువారే. అచ్చటి క్రీడాసంఘమువారి నియమములనుబట్టి పదునొకండవ యేడు వచ్చువఱకు పిల్లల పోటీలలో గెలుపోటముల పట్టికలు ప్రకటింపరాదు; పదుమూడవ యేడు రానిదే జాతీయ పోటీలకు పంపరాదు. 2018లోను 2022లోను శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో అన్ని దేశములకంటె ఎక్కువ పతకములు, 39, 37, వారివే. అది మంచుదేశము, ధనదేశము. నియమమొక్కటే కారణమని నేననను. చిన్ననాట లెక్కలు వేయకున్నంతమాత్రమున పెద్దైన పిదప పతకములు తఱిగిపోవని మాత్రము తెలియుచున్నది.

మన కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి చెక్కలోని తడి మెల్లమెల్లగా పోవునట్లు కాచిన పిదపనే ఉలి పట్టుదురు. తొందరపడినవానికి బొమ్మ దక్కదు.

ఇక గ్రామ పెద్దలతో ప్రత్యేకముగా ఒక మాట. పోటీలో చిన్నవారి తరగతిలో చేర్చుటకై పుట్టిన తేదీ రెండేండ్లు తగ్గించి వ్రాయుమని నన్నడిగినవారు కలరు. అట్టి కాగితముపై సాక్షి సంతకము మిమ్మును అడుగుదురు. ఇప్పుడు ఎముకలకు ఎక్స్‌రే తీసి వయస్సు అంచనా కట్టుచున్నారు. పట్టువడుట యొక ప్రక్క నుండనిండు. ఎన్నడు బయటపడునోయని ప్రతి పోటీలోను గుండె పట్టుకొని యాడవలసినవాడు ఆ పిల్లవాడే గదా. అట్లే గెలిచిన పిల్లవాని బొమ్మతో నాలుగు వీథుల కూడలిలో ఫ్లెక్సీ కట్టుటయు నాకు నచ్చదు. మఱుసటి యేడు ఓడినచో వాడు ప్రతిదినమును దాని క్రిందుగనే బడికి పోవలయును.

అట్లయిన పెద్దలు ఆటకు పోవనే వలదా? పోవలయును. అయితే “నన్ను రమ్మందువా?” యని ముందు బిడ్డను అడుగుడు. కొందఱు రమ్మందురు, కొందఱు వలదందురు, రెంటికిని కోపపడరాదు. ఆట నేర్పువాడొకడుండగా గట్టుమీదనుండి పదిమంది గురువులు కేకలు వేసిన బిడ్డ ఎవ్వరి మాట వినును? ఆట ముగిసిన రాత్రి తప్పొప్పుల విచారణ వలదు. ఒకటి రెండు దినములు గడచిన పిదప ఆ మాట వాడే యెత్తును, అప్పుడు వినుడు. కాలు నొప్పి యన్నచో ఆట మాన్పించి వైద్యునకు చూపుడు. తండ్రికి వెఱచి నొప్పి దాచిన పిల్లలను నేను ఎఱుగుదును. పెరుగుచున్న యెముక ఎవ్వరి పరువుకొఱకును ఆగదు. ఆట చాలునని బిడ్డ యనిన యెడల, ఇంతవఱకు పెట్టిన సొమ్ము లెక్క చెప్పవలదు.

1994 నాటి ఆ బాలుడు ఇప్పుడు నలువది దాటినవాడు. మా యూరిలోనే వ్యవసాయము చేసికొనుచున్నాడు. అతని కూతురు ఖోఖో ఆడును. మొన్న మండలపు పోటీకి నన్నును తోడు తీసికొనిపోయెను. ఇద్దఱమును గట్టుమీద కాదు, వేపచెట్టు వెనుక కూర్చుంటిమి. పిల్ల జట్టు ఓడెను. ఆమె దుమ్ము కాళ్ళతో వచ్చి నిలువగానే, నా నోట ఏదియో యోదార్పు మాట రాబోయెను. అతడు నా మోకాలిపై చేయి వేసి నన్ను ఆపి, “అమ్మా, ఆకలి అగుచున్నదా? ఇడ్లీలు తిందము పద” అనెను. ఆ పిల్ల నాలుగిడ్లీలు తిని, అయిదవది చేతిలో నుండగా, తాను ఎచ్చట కాలు జాఱినదో తానే చెప్ప మొదలిడెను.